మేడమీద బిజ్లీ

డైరీ ఫార్మ్, పోర్ట్ బ్లెయిర్
12 జనవరి 1968

పూజ్యులైన వదినగారికి,

శాంత నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. మా ఇంటి నేల మాత్రం బాగాలేదు. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా చివరిదాకా చదవండి.

పోయిన శనివారం మా అయిదో తరగతి పిల్లల్ని సిప్పీఘాట్ సర్కారు తోటకు తీసుకువెళ్ళాను, లవంగ చెట్టూ మిరియాల తీగా చూపిద్దామని. పిల్లలు చెట్ల మొహం చూస్తే ఒట్టు. పక్కనున్న ఇంజనీరుగారి బంగళా వెనక ఇనప వల కట్టిన దొడ్లో ఏదో జంతువుంటే దాని ముందు నిలబడిపోయారు. "టీచర్, లేడి" అంది ఒక పిల్ల. "నహీ, మేక. బీమార్ మేక" అంది ఇంకో పిల్ల, జబ్బు మేకని. పుల్లల్లాంటి కాళ్ళు, వంపు తిరిగిన వెన్ను, వీపుకు అంటుకుపోయిన పొట్ట, బూడిద రంగు. తీరా చూస్తే కుక్క, వదినగారూ! గ్రేహౌండ్ అట. పంజాబులో పందేలలో కుందేళ్ళ వెంట పరిగెత్తే జాతి. పేరు బిజ్లీ. అంటే మెరుపు.

ఇంజనీరుగారికి ఢిల్లీ బదిలీ అయింది. విమానంలో వెళ్ళిపోతున్నారు. కుక్కను ఎవరూ తీసుకోవడం లేదు. సోమవారం సూది వేయించి చంపించేస్తారని చౌకీదారు చెప్పాడు. "దేఖ్ లీజియే మేడమ్" అని తలుపు తీశాడు. నేను చూద్దామనే లోపలికి వెళ్ళాను. అది మెల్లగా వచ్చి, మొత్తం ఒళ్ళంతా నా కాలికి ఆనించి నిలబడింది. నేను పక్కకు జరిగితే పడిపోతుంది. మీ తమ్ముడు పోయిన ఈ రెండేళ్ళలో నా మీద అంత బరువు వేసి నిలబడినవాళ్ళు లేరు. పిల్లలతోపాటు దాన్నీ బస్సెక్కించాను.

ఇక నేల సంగతి. పుట్టినప్పటి నుంచీ ఆ దొడ్డి సిమెంటు మీదే తిండి, అక్కడే నిద్ర, అక్కడే తక్కినవి. ఇల్లు వేరు, బయట వేరు అని దానికి తెలియదు. మాది మేడ మీద వాటా అని మీకు గుర్తుంది కదా, చెక్క నేల, పలకల మధ్య వేలు దూరేంత సందులు. మొదటి రోజు నాలుగుసార్లు. కింద వాటాలో తాతబ్బాయి, ముసలమ్మ ఉంటారు. అతను చేపలు పడతాడు, ఆవిడ అమ్ముతుంది. ముసలమ్మ అన్నది పేరే, నలభై కూడా ఉండవు. గొంతైతే హార్బరుదాకా వినబడుతుంది.

"ఓలమ్మో పంతులమ్మా! ఇదేటి, సూరులోంచి ఎచ్చగా కారతంది! నా గెంజిలో పడ్డాదే!"

కిందికి పరిగెత్తి కాళ్ళావేళ్ళా పడ్డాను.

మీరు రాసిన ఉద్యోగం సంగతి ఆలోచిస్తున్నాను. కుక్క కాస్త సర్దుకున్నాక వివరంగా రాస్తాను.

మీ మరదలు
శాంతకుమారి


భీమునిపట్నం
3 ఫిబ్రవరి 1968

చిరంజీవి శాంతకు,

మీ భారతి వదిన ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి రెండుసార్లు స్నానం చేశాను. కుక్కంటే నాకెంత పడదో నీకు తెలుసు. నర్సుగా పనిచేసినప్పుడు పురుడు పోయడానికి వెళ్ళిన ప్రతి వీధిలోనూ ఏదో ఒకటి నా పిక్కను చూసేది. ఆఫీసర్లు వదిలేసినవన్నీ నువ్వు ఏరుకుంటానంటే రేపు ఎవడో గుర్రాన్ని వదిలిపోతాడు, దాన్నీ మేడెక్కిస్తావా?

తిట్టడం అయింది. ఇప్పుడు పనిలోకి వద్దాం.

కొట్టకు. ముప్ఫై రెండేళ్ళు పసిపిల్లల్ని చూశాను, కొడితే భయం నేర్చుకుంటారు గాని పద్ధతి నేర్చుకోరు. ఒక కాగితం మీద గీతలు గీసి గోడకు అంటించు. ఎప్పుడు తింది, ఎప్పుడు తాగింది, ఎప్పుడు పోసింది, అన్నీ రాయి. వారం తిరిగేసరికి దాని గడియారం నీకు తెలిసిపోతుంది. తిన్న పావుగంటకు, నిద్ర లేవగానే, బయటికి తీసుకుపో. బయట పని కానిస్తే అక్కడికక్కడే మెచ్చుకో, ఇంటికొచ్చాక కాదు. నేలను సున్నపు నీళ్ళతో కడుగు. వాసన ఉన్నంతకాలం అది తన చోటే అనుకుంటుంది.

ఇంకో మాట. తెలుగు పంతులమ్మ ఇంట్లో హిందీ కుక్క ఏమిటి? దానికి తెలుగు నేర్పు.

ఉద్యోగం గురించి. ఇక్కడి ఆడపిల్లల బడి మేనేజరు పున్నయ్యగారు నీ కోసం జూన్ దాకా ఆగుతామన్నారు. మా ఇంట్లో నీ గది సున్నం వేయించి ఉంచాను. మా తమ్ముడు చలపతి ఉన్నాడు కాబట్టి ఆ దీవిలో ఉన్నావు. ఇప్పుడు ఎవరున్నారు నీకక్కడ? చప్పున జవాబు రాయి.

మీ వదిన
భారతీదేవి


డైరీ ఫార్మ్
24 ఫిబ్రవరి 1968

వదినగారికి నమస్కారాలు.

మీ కాగితం గోడ మీద ఉంది. బడిలో హాజరుపట్టీ కూడా నేను ఇంత శ్రద్ధగా రాయలేదు. దాని గడియారం తెలిసింది కూడా: పొద్దున్న ఆరు, ఎనిమిదిన్నర, మధ్యాహ్నం నేను బడి నుంచి పరిగెత్తుకొచ్చే ఒంటిగంట, సాయంత్రం నాలుగు, ఏడు. తెలియడం వరకూ బాగానే ఉంది. చిక్కంతా మెట్ల దగ్గర.

మాకు కిందికి పద్నాలుగు చెక్క మెట్లు. బిజ్లీ పుట్టి బుద్ధెరిగి మెట్టు చూడలేదు. పై మెట్టు మీద నిలబడి కిందికి చూస్తుంది, బావిలోకి చూసినట్టు. నాలుగు కాళ్ళూ బిగదీసి బొమ్మలా అయిపోతుంది. లాగితే కదలదు. ఇక చేసేదేముంది, ఎత్తుకోవడమే. బస్తాడు బియ్యానికి కాళ్ళు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఎత్తుకుంటే. రోజుకు అయిదుసార్లు దించడం, అయిదుసార్లు ఎక్కించడం. దించుతుండగా నా నడుం పట్టేసి మధ్యలో ఆగితే, దాని గడియారం ఆగదు కదా. రెండు చీరలు పోయాయి.

వీధంతా ఇప్పుడు ఆరింటికే లేచి చూస్తోంది. "పందెం కుక్క పంతులమ్మనెక్కి తిరుగుతంది, సూడండి" అని ముసలమ్మ అందరికీ చూపిస్తోంది. నవ్వుతూనే నిన్న ఒక సాయం చేసింది. ప్రతి మెట్టు మీదా ఒక ఎండుచేప పెట్టింది. బిజ్లీ పైనుంచే మెడ సాచి మొదటి మూడు మెట్లవీ తినేసింది. ఆ మెడ ఎంత పొడుగో మేము లెక్కవేయలేదు. తక్కినవి పిల్లులు తిన్నాయి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఇంటాయన పరంధామయ్యగారు ప్రోతరాపూర్‌లో ఉంటారు. ఎవరో చేరవేశారు. ఆదివారం బస్సులో వచ్చి మేడెక్కి, ముక్కు మూసుకుని, "ఉగాది నాడు మళ్ళీ వస్తా పంతులమ్మగారూ. అప్పటికి ఈ కంపు పోవాలి, లేదా ఇల్లు ఖాళీ చెయ్యాలి" అని వెళ్ళిపోయారు. ఈ వాటా పోతే పోర్ట్ బ్లెయిర్‌లో కుక్కతో ఉన్నదానికి ఇంకో ఇల్లు దొరకదు.

తెలుగు నేర్పుతున్నాను. "రా" అంటే వెళ్ళిపోతుంది. "ఆవో" అంటే వస్తుంది. మా బడి పిల్లలు నయం, రెండూ కలిపి మాట్లాడతారు.

ఉద్యోగం గురించి మరో ఉత్తరంలో.

శాంత


భీమునిపట్నం
6 మార్చి 1968

చిరంజీవి శాంతకు,

నడుం ముందు. గోరువెచ్చని నువ్వులనూనె రాసి, వేడినీళ్ళ కాపడం పెట్టుకో. ఎత్తేటప్పుడు నడుం వంచకు, మోకాళ్ళు వంచు.

ఇక మెట్లు. నువ్వు దానికి పద్నాలుగు మెట్లు ఒకేసారి చూపిస్తున్నావు. కాలు విరిగి మంచంపట్టిన రోగిని మొదటిరోజే డాబా ఎక్కమంటామా? దాన్ని ఎత్తుకుని కిందిదాకా దించు, ఆఖరి మెట్టు మీద వదులు. అక్కడినుంచి నేలకు ఒక్క అడుగే. అది దిగుతుంది. రెండు రోజులు అంతే. తర్వాత ఆఖరినుంచి రెండో మెట్టు మీద వదులు, తర్వాత మూడో మెట్టు. ఎక్కడానికి కూడా ఇలాగే, పై మెట్టు నుంచి మొదలుపెట్టి. ప్రతిసారీ పని ముగిసే చోటు దాని కంటికి కనబడుతూ ఉండాలి. భయపడే ప్రాణికి కావలసింది అదే.

చేప మెట్టు మీద పెట్టొద్దు, చేతిలో పట్టుకో.

కుక్కను గురించి ఇంత రాస్తానని నేను అనుకోలేదు. మొన్న పశువుల ఆసుపత్రి ముందునుంచి వెళ్తూ లోపలికి వెళ్ళి అడిగాను కూడా. కంపౌండరు జోగులు గ్రేహౌండ్‌ను బొమ్మలోనే చూశాడట. నన్నే నాలుగు ప్రశ్నలు అడిగాడు.

నువ్వు ఉద్యోగం గురించి రెండో ఉత్తరంలోనూ దాటవేశావు. పున్నయ్యగారు నిన్న కూడా అడిగారు. పరంధామయ్య వెళ్ళగొడితే ఒకందుకు మంచిదే, ఇల్లు వెతుక్కునే పని లేకుండా ఓడెక్కు.

వదిన


డైరీ ఫార్మ్
5 ఏప్రిల్ 1968

వదినగారికి,

పరంధామయ్యగారు దయతలచి గడువు పెంచారు. బిజ్లీ మాత్రం మారలేదు. మెట్ల దగ్గర అదే మొండితనం, లోపల అదే పని. మొన్న మా హెడ్మాస్టరుగారు ఏదో కాగితం మీద సంతకానికి వచ్చి టోపీ కుర్చీ మీద పెడితే, ఆ టోపీలో పోసింది. ఆయన చూసుకోకుండా పెట్టుకున్నారు. ఇలాంటి జంతువును వదిలి రాలేను, తీసుకునీ రాలేను. మీ ఇల్లు అద్దంలా ఉంటుంది. అది వచ్చిన రోజే మీరు మమ్మల్నిద్దర్నీ సముద్రంలో తోసేస్తారు.

అందుచేత ఇది నేర్చుకునేదాకా పున్నయ్యగారికి ఏ మాటా చెప్పకండి.

శాంత


భీమునిపట్నం
27 ఏప్రిల్ 1968

చిరంజీవి శాంతకు,

టోపీ సంగతి చదివి జోగులుకు చెప్పాను. మూత్రపు సంచిలో జబ్బేమో చూపించమన్నాడు. ఇన్ని నెలలైనా ఆపుకోలేకపోతోందంటే అది పద్ధతి లోపం కాదు, రోగం. నీళ్ళు ఎక్కువ తాగుతోందా? రంగు ఎలా ఉంది? ఒక సీసాలో పట్టి అక్కడి డాక్టరుకు చూపించు. దాన్ని తిట్టుకుని లాభం లేదు, పాపం.

ఇల్లు అద్దంలా ఉంటుందన్నావు. అద్దం పగిలితే మళ్ళీ కొనుక్కుంటాం. దాన్ని తీసుకునే రా. విశాఖ ఓడ మేలో ఉందట. కెప్టెనుకు అర్జీ పెడితే డెక్కు మీద బోనులో ఎక్కించుకుంటారని జోగులు కనుక్కున్నాడు. మా పెరట్లో కర్ర పాతించి తడికె కట్టిస్తాను. గుమ్మానికి రెండే మెట్లు.

పున్నయ్యగారికి జూన్ ఒకటిలోగా మాట చెప్పాలి.

వదిన


డైరీ ఫార్మ్
20 మే 1968

వదినగారికి,

వానలు మొదలయ్యాయి. ఈ కుక్కకు వానంటే పడదు. బయటికి పోనంటుంది. ఈ వారం నా దిండు మీద, పరీక్ష కాగితాల మీద, ముసలమ్మ ఇచ్చిన చేపల బుట్టలో. డాక్టరు రోగం లేదన్నాడు. స్వభావమే అంత అన్నాడు. ఓడలో తీసుకురావడం జరగని పని, తోటి ప్రయాణికులు ఊరుకోరు. జూన్ గడువు తప్పిపోతుంది కాబోలు, నాకూ బాధగానే ఉంది. ఏం చేయను, నా ఖర్మ.

శాంత


భీమునిపట్నం
16 జూన్ 1968

శాంతకు,

నిన్న మధ్యాహ్నం అప్పలరాముడని ఒకతను మా ఇంటికొచ్చాడు. మీ ముసలమ్మ తమ్ముడట. విశాఖ ఓడలో వచ్చి, సొంతూరికి పోతూ దారిలో దిగాడు. నువ్వు పంపిన గవ్వల దండ, కొబ్బరి నూనె సీసా ఇచ్చాడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను.

"కుక్కకు ఒంట్లో ఎలా ఉంది నాయనా? ఇంకా ఆపుకోలేకపోతోందా?" అని అడిగాను.

"ఏ కుక్కమ్మా?"

"అదే, మీ పంతులమ్మగారి బిజ్లీ."

"బిజిలీకేటమ్మా! ఏటీ నేదే! ఉగాదికి ముందే పద్దతికొచ్చీసింది. దానంత సుద్దంగా మా ఇంట్లో మనుసులే నేరు."

అంతా చెప్పమన్నాను. అతను చెప్పాడు, లేచి నటిస్తూ చెప్పాడు.

"తమరే రాసేరంట కదమ్మా, అడుగుమెట్టు ముందు, పైమెట్టు తరవాత అని. పంతులమ్మ సదివింది, మా అప్ప సేప పట్టుకు నిలబడ్డాది. ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజున పైనుంచి కిందికి ఒక్కపాలి దిగిపోనాది. ఈదిలో అందరం సప్పట్లు కొట్టీసినాం. ఉగాది నాడు పరంధామయ్య బాబు వచ్చేడు, తెల్ల పంచె, సేతికర్ర. నేల మీద ముక్కెట్టి పలకా పలకా వాసన సూసుకుంటా పోతన్నాడు. ఎనకాలే బిజిలీ. ఆయనేటి ఎతుకుతన్నాడో అని అదీ ముక్కెట్టి వాసన సూస్తంది. గది ఈ కొసనుంచి ఆ కొసకి, బాబు ముందు, కుక్క ఎనక! అప్పుడది తలుపు కాడికెళ్ళి గెడియకి ముక్కు తాటించింది. పంతులమ్మ తీసింది. దొరసానిలాగ మెట్లు దిగి, బొప్పాయి సెట్టు ఎనక్కెళ్ళి, పని సూసుకుని, తిరిగొచ్చి బాబు కాలికి ఆనుకుని నిలబడ్డాది. బాబు కదిలితే పడిపోద్దని అరగంట అలాగే నిలబడిపోనాడమ్మా! 'పంతులమ్మగారూ, మా మనవల్ని కూడా ఓ నెల మీకాడ ఉంచుతా' అన్నాడు."

"మరి హెడ్మాస్టరు టోపీ?" అన్నాను.

"ఎడ్మాస్టరు టోపీ ఎక్కడ ఎట్టుకుంటాడమ్మా? ఆయనకి గొడుగే!"

అతను వెళ్ళిపోయాక నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. టోపీ, దిండు, పరీక్ష కాగితాలు. నేను జోగులు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళానో తెలుసా? సీసాలో పట్టమని రాశానే! నా వైద్యం ఫలించిందన్న మాట నాకు తప్ప దీవిలో అందరికీ తెలుసు. మెట్ల సంగతి నాదే అని వాళ్ళు చెప్పుకుంటున్నారట. నువ్వు నాకు చెప్పలేదు.

నోరులేని దాని మీద నింద ఎందుకు వేశావు? నేను అబద్ధం చెప్పించుకునేటంతటి మనిషినా?

భారతీదేవి


డైరీ ఫార్మ్
9 జులై 1968

వదినగారికి,

మీ ఉత్తరం ఓడ దిగి నాలుగు రోజులైంది. రోజూ కాగితం ముందు కూర్చుంటున్నాను. క్షమించమని రాస్తే అది కూడా సాకులాగే కనబడుతోంది.

మెట్లు దిగిన రోజే మీకు రాయాలని మొదలుపెట్టాను. అయిదు కాగితాలు నిండాయి, అంత సంతోషంగా ఉంది. చివర ఉద్యోగం సంగతి రాయవలసి వచ్చింది. కుక్క బాగుపడ్డాక ఇక నాకు అడ్డమేముంది? ఆ కాగితాలు పొయ్యిలో పెట్టి, టోపీ కథ రాశాను. తర్వాత ఒకదాని వెనక ఒకటి. బిజ్లీ నా కాళ్ళ దగ్గర పడుకుని ఉండగానే దాని మీద చాడీలు రాశాను. సిగ్గేసింది. అయినా రాశాను.

నిజం ఇప్పుడు రాస్తాను. నేను రాను. కుక్క మూలంగా కాదు, కుక్క లేకపోయినా రాను.

ఇక్కడ ఎవరున్నారని అడిగారు. లెక్కకు ఎవరూ లేరు. సాయంత్రం మా మెట్ల మీద పదిమంది ఆడవాళ్ళు కూర్చుంటారు, ఊళ్ళనుంచి వచ్చిన ఉత్తరాలు పట్టుకుని. నేను చదివి వినిపిస్తాను, జవాబులు రాస్తాను. కాళమ్మకు కొడుకు రాసినది నాలుగుసార్లు చదవాలి, నాలుగుసార్లూ అదే చోట ఏడుస్తుంది. మా పిల్లలు "టీచర్, మై ఇంటికి జాతున్నా" అంటారు, నేను దిద్దుతాను, మళ్ళీ అలాగే అంటారు. అక్కడికొస్తే నేను చలపతిగారి భార్యను, పాపం అనిపించుకునే మనిషిని. ఇక్కడ పంతులమ్మను. మీ తమ్ముడు పోయినా ఆ పేరు పోలేదు.

ఈ మాట మీకు చెప్పడానికి నోరెందుకు రాలేదంటే, ఆయన పోయినప్పుడు అయిదు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చింది మీరొక్కరే. నలభై రోజులు నాకు అన్నం కలిపి పెట్టారు, తల దువ్వారు. మీ సొంత తమ్ముడు పోయిన దుఃఖం పక్కన పెట్టి నన్ను చూశారు. అంత చేసిన మనిషి గది సున్నం వేయించి పిలుస్తుంటే రానని ఎలా అనను? అందుకే కుక్కతో అనిపించాను.

మీకు కోపం తగ్గకపోయినా ఉత్తరం మాత్రం మానకండి.

శాంత


భీమునిపట్నం
3 ఆగస్టు 1968

చిరంజీవి శాంతకు,

కోపం తగ్గింది. తగ్గకుండా కొన్నాళ్ళు పట్టుకుని ఉందామని చూశాను గాని కుదరలేదు. ఎందుకంటే కోప్పడే హక్కు నాకు లేదు.

ఆ ఉద్యోగం ఫిబ్రవరిలోనే వేరే అమ్మాయికి ఇచ్చేశారు. పున్నయ్యగారు జూన్ దాకా ఆగుతామని ఎప్పుడూ అనలేదు. "నిన్న కూడా అడిగారు" అని రాశానే, ఆయన్ను నేను చూసి అప్పటికి నెల రోజులు. నువ్వు వస్తానంటే అప్పుడు చూసుకుందాం, ఏ బడిలోనో అడుగుదాం, ముందు నువ్వు ఓడెక్కితే చాలు అనుకున్నాను. నువ్వు కుక్క మీద అబద్ధాలు చెబితే నేను పెద్దమనిషి మీద చెప్పాను. ఎవరిది ఎక్కువ తప్పో నువ్వే తేల్చు.

ముప్ఫై రెండేళ్ళు మా తలుపు ఎవరో ఒకరు తట్టేవారు. వానలో, ఎండలో, అన్నం తింటుండగా. విసుక్కునేదాన్ని. పోయిన అక్టోబరులో రిటైరయ్యాను. ఆ మర్నాటినుంచి పాలమ్మాయి తప్ప తట్టేవాళ్ళు లేరు. నీకు తోడు కావాలని రాశాను. తోడు కావలసింది నాకని రాయడానికి చెయ్యి రాలేదు.

నిన్ను తీసుకురావడానికి కాదు, చూడటానికి వస్తాను. విశాఖ ఓడ ఈ నెలాఖరుకో, వచ్చే నెల మొదట్లోనో అంటున్నారు. షరతులు విను. ఆ కుక్క వంటింట్లోకి రాకూడదు. నా మంచం ఎక్కకూడదు. నన్ను ముట్టుకోకూడదు. దానికి నేనెవరో ముందుగా చెప్పి ఉంచు, హిందీలోనే చెప్పు.

వదిన


డైరీ ఫార్మ్
11 సెప్టెంబరు 1968

రంగత్‌లో ఉన్న చిరంజీవి శాంతకు,

నేను నీ ఇంట్లో ఉన్నాను, నువ్వు లేవు. ఓడ దిగేసరికి ముసలమ్మ జెట్టీకి వచ్చి, నువ్వు టీచర్ల శిక్షణకని మొన్ననే రంగత్ పడవెక్కావని చెప్పింది. ఓడ ఎప్పుడొస్తుందో నీకు తెలియదు, నాకూ తెలియదు, ఎవర్ని అంటాం. రేపు అటు పోయే పడవలో ఈ ఉత్తరం పంపిస్తానంది.

"కుక్కని మాకాడుంచీమంటారా అమ్మా?" అని అడిగింది. తీసుకుపొమ్మనబోయాను. అది పై మెట్టు మీద నిలబడి నన్ను చూస్తోంది. నువ్వొస్తావని చూస్తున్నట్టుంది, నేనొచ్చాను. ఉండనీ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

మొదటి మధ్యాహ్నం ఎలా గడిచిందో చెబుతాను, నవ్వకు. అది ఆ మూల, నేను ఈ మూల మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని. బయట ఒకటే వాన. అది కళ్ళు తెరిచే నిద్రపోతోంది, చచ్చిపోయిందేమోనని దూరం నుంచే ఊపిరి లెక్కపెట్టాను. కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చింది. నేను చీర దగ్గరికి లాక్కున్నాను. తలుపు దాకా వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. "ఏమిటే?" అన్నాను. "క్యా?" అన్నాను. మళ్ళీ తలుపు దాకా వెళ్ళింది. మూడోసారి వచ్చి నా మొహంలోకి చూసింది, చాలాసేపు. తర్వాత గది మధ్యకు వెళ్ళి, తల పక్కకు తిప్పుకుని, పోసేసింది.

కిందినుంచి కేక: "ఓలమ్మో! మల్లీ మొదలెట్టీసినాదా!"

"దానిది కాదమ్మా, నాది తప్పు!" అని నేనూ అరిచాను. నా గొంతు కూడా తక్కువది కాదని ఇక్కడివాళ్ళకు తెలిసింది.

చీర ఎగదోపుకుని నేల కడిగాను. అది మూలన వణుకుతూ నిలబడింది, తన్నుతానేమోనని. రోగి మాట వినడమే నా ఉద్యోగం, ముప్ఫై రెండేళ్ళు. అది మూడుసార్లు వచ్చి చెప్పింది, నాకు వినబడలేదు. కడగడం అయ్యాక దగ్గరికెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. ఎంత పల్చటి చర్మం, శాంతా! కింద గుండె టకటకా కొట్టుకోవడం చేతికి తెలుస్తోంది. నెల తక్కువ పిల్లల గుండె ఇలాగే కొట్టుకుంటుంది. నా పాత శాలువా చింపి దానికి చొక్కా కుట్టాను. స్నానం సాయంత్రం ఒకేసారి చేశాను.

ఇంకో సంగతి. నేను నర్సునని ముసలమ్మ వీధంతా చాటింది. నిన్న పొద్దున్న తలుపు తీసేసరికి నీ మెట్ల మీద ఏడుగురు ఆడవాళ్ళు. ఉత్తరాలు పట్టుకుని కాదు, పొట్టలు పట్టుకుని. అందులో గురువమ్మ అనే అమ్మాయికి తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. మెల్లగా సర్దుతున్నాను, రోజూ చూడాలి. నెల నిండేది అక్టోబరు రెండో వారానికి. తిరుగు ఓడ ఈ నెల ఇరవై ఎనిమిదిన అంటున్నారు. ఆ పిల్లను అలా వదిలి ఓడెలా ఎక్కుతాను? ఇది సాకు కాదు. కావాలంటే ముసలమ్మను అడుగు. గురువమ్మ తర్వాత ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళకు డిసెంబరు.

నువ్వు తొందరపడి రాకు. శిక్షణ పూర్తిచేసుకునే రా. ఇక్కడ మాకు లోటేమీ లేదు.

ఇంకా రాయాలని ఉంది గాని బిజ్లీ తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. బయట వాన దంచుతోంది. గొడుగు ఎక్కడ పెట్టావో కనబడటం లేదు, వెతికే వ్యవధి లేదు. తడిసే వెళ్తున్నాను.

వదిన